మేకపిల్ల పని చివరికి ఎవరి నెత్తిన పడుతుంది?

ముందుగా మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీ అమ్మాయికి 13 ఏళ్లు. మేకపిల్లను పెంచుకుంటానని ఆరు నెలలుగా మీ ప్రాణం తీస్తోంది. ఇంటి వెనక జాగా ఉంది. మీవారు "పెంచనీ, బాధ్యత తెలుస్తుంది" అంటున్నారు. మీ మామగారు "చదువు చెడుతుంది" అంటున్నారు. మీ అనుమానం మాత్రం వేరే. పశువును పెంచితే పిల్లలకు నిజంగా ఏమైనా వస్తుందా, లేక నాలుగు రోజుల ముచ్చట తీరాక ఆ పెంటికలు ఎత్తే పని మీ నెత్తిన పడుతుందా?

నేను పశువైద్యుడిగా పాతికేళ్లకు పైగా పనిచేశాను. పిల్లలు పెంచిన మేకలు, గొర్రెలు, దూడలు, కోళ్లు, కుందేళ్లు చాలానే నా చేతిమీదుగా పోయాయి. కొందరు పిల్లలు ఒక్క ఏడాదిలో ఎంత మారిపోయారంటే కన్నవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. కొన్ని ఇళ్లలో మాత్రం మూడో వారానికల్లా మేక తాడు అమ్మ చేతికి, ఫోన్ పిల్లాడి చేతికి వచ్చేశాయి. ఈ రెండు రకాల ఇళ్లకీ తేడా పిల్లల్లోనే ఉందని మొదట్లో అనుకునేవాణ్ని. మా ఇంట్లో దెబ్బ తిన్నాక గానీ అసలు సంగతి తెలియలేదు.

మా అబ్బాయికి 11 ఏళ్లప్పుడు రెండు మేకపిల్లలు తెచ్చిచ్చాను. పొద్దున్నే తొట్టి కడిగి నీళ్లు నింపడం వాడి పని. నాకేమో తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. పాకలోకి తొంగిచూస్తే తొట్టిలో నీళ్లు అడుగంటి కనిపించేవి. "పాపం, పడుకోనీలే" అనుకుని నేనే నింపేసేవాణ్ని. వాడు ఏడింటికి లేచి వెళ్లేసరికి తొట్టి నిండుగా ఉండేది. మూడు నెలలు ఇలాగే గడిచాయి. వాడు మేకల్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో అని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఒకసారి పనిమీద వెళ్లి, రాత్రికి అక్కడే ఉండిపోయి, మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాను. తొట్టి ఎండిపోయి ఉంది. మేకలు గొంతు చించుకుని అరుస్తున్నాయి. వాణ్ని పిలిచి కేకలేశాను. వాడు అయోమయంగా చూసి, "నీళ్లు ఎప్పుడూ ఉంటాయి కదా నాన్నా!" అన్నాడు.

వాడన్నది నిజమే. మూడు నెలలపాటు నేను వాడికి నేర్పింది అదే.

కాబట్టి మీ ప్రశ్నకు సూటి జవాబు: పని మీ నెత్తిన పడుతుంది, మీరు పడనిస్తే. పశువును కొనిస్తే బాధ్యత దానంతటదే రాదు. బడిలో లెక్క తప్పితే ఒక మార్కు పోతుంది, అంతే. ఇక్కడ మరిచిపోతే ఒక ప్రాణికి దాహం వేస్తుంది. ఆ తేడా పిల్లలకు ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పనక్కర్లేదు, కళ్లెదురుగా కనిపిస్తుంది. అయితే కనిపించాలంటే పని నిజంగా వాళ్లదే అయ్యుండాలి. చిక్కు కూడా ఇక్కడే ఉంది. తప్పు చేసేది మీ అమ్మాయి, ఆ తప్పుకు మాడేది మేక. ఒకరికి బుద్ధి రావడం కోసం ఇంకొకరిని పస్తు పెట్టలేం కదా.

నేను చివరికి కుదుర్చుకున్న పద్ధతి ఇది. చూడటం నా పని, చేయడం వాడి పని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాకలోకి వెళ్లి చూస్తాను. పని కాకపోతే నేను చెయ్యి పెట్టను, వాణ్ని లేపుతాను. వాన పడుతున్నా లేపుతాను, పరీక్ష ఉన్నా లేపుతాను. మేకకు అరగంట ఆలస్యమవుతుంది, దానివల్ల దానికేమీ కాదు. వాడికి జ్వరం వస్తేనో, ఊరెళ్తేనో మాత్రం నేను చేస్తాను. అదీ వాడు నోరు తెరిచి అడిగితేనే. "ఈ పూట చూస్తావా నాన్నా? దాణా ఈ డబ్బాతో ఒకటే వెయ్యి, చిన్నది వెనక కాలు కుంటుతోంది, కాస్త గమనించు" అని అప్పగించి వెళ్లాలి. అలా పని అప్పగించడం కూడా ఒక విద్యే. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లలో కూడా చాలామందికి అది చేతకాదు.

ఇక మేకల విషయం. మీరు "మేకపిల్ల" అని ఒక్కదాన్నే రాశారు. దయచేసి ఒక్కదాన్ని తేకండి, రెండు తెండి. మేక మందలో బతికే జీవి. ఒంటరిగా కట్టేస్తే రోజంతా అరుస్తుంది, మేత సరిగా తినదు, కంచె దూకి పారిపోవాలని చూస్తుంది. అప్పుడు ఇరుగుపొరుగుతో గొడవ, మీకు టెన్షన్, పిల్లకు విసుగు. రెండున్నా పని రెట్టింపేమీ కాదు, తొట్టి ఒకటే, పాక ఒకటే. ఈనడం, పాలు పితకడం ఇవన్నీ ఇప్పుడే వద్దనుకుంటే విత్తులు కొట్టించిన మగ మేకపిల్లలు రెండు తెచ్చుకోవచ్చు. మొదటిసారి పెంచేవాళ్లకు అవే సులువు.

మేకే ఎందుకు, కోళ్లో కుందేళ్లో పెంచితే పోదా అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, అదీ తప్పు మాటేం కాదు. చిన్నపిల్లలకు ఫలితం త్వరగా కనిపించాలి. కోడిగుడ్డు పొదిగితే 21 రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. కుందేలు దాదాపు 31 రోజుల్లో ఈనుతుంది. మేకకు దాదాపు 150 రోజులు, ఆవుకు తొమ్మిది నెలలు దాటి, గేదెకు పది నెలలకు పైగా పడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు పది నెలలు ఆగలేడు, 13 ఏళ్ల పిల్ల ఐదు నెలలు ఆగగలదు. ఏది కావాలన్నా మీట నొక్కగానే వచ్చే ఈ రోజుల్లో, మనం ఎంత తొందరపడినా ఆ ఐదు నెలలు తగ్గవని తెలుసుకోవడం పిల్లలకు కొత్త అనుభవమే.

పశువు దగ్గర పిల్లలు అన్నిటికన్నా ముందు నేర్చేది చూడటం. ఊరికే చూపు ఆనించడం కాదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడం. మేక నోరు తెరిచి ఫలానా చోట నొప్పి అని చెప్పదు. పైగా మందలో బతికే జీవాలు జబ్బును వీలైనంతవరకు దాచుకుంటాయి, బలహీనంగా కనిపిస్తే వేటాడే జంతువు కన్ను పడుతుందని. కాబట్టి చిన్న చిన్న గుర్తులే ఆధారం. మేత దగ్గరికి వెనకగా వచ్చిందా? పడుకున్నప్పుడు నెమరు వేస్తోందా? పెంటికలు గుళికల్లా ఉన్నాయా, ముద్దగా మారాయా? చెవులు వాలిపోయాయా? పిల్లలకు నేను నేర్పే మొదటి పరీక్ష ఒకటుంది. మేకకు ఎడమవైపు, చివరి పక్కటెముక వెనక ఉన్న గుంటలో పిడికిలి ఆనించి పెట్టమంటాను. ఆరోగ్యంగా ఉన్న మేకలో పెద్ద పొట్ట నిమిషానికి ఒకటి రెండు సార్లు కదిలి పిడికిలిని బయటికి నెడుతుంది. మొదటిసారి ఆ కదలిక తగిలినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! తర్వాత థర్మామీటరు. మేకకు 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే, మనకైతే అది జ్వరం. ఆపైన కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడటం. ఎర్రగా ఉంటే మంచిది, తెల్లగా పాలిపోతే కడుపులో నట్టలు (పురుగులు) రక్తం తాగేస్తున్నాయని అనుమానించాలి. ఈ రంగుల్ని పోల్చుకోవడానికి దక్షిణాఫ్రికాలో ఫమాచా అనే ఐదు రంగుల కార్డు తయారుచేశారు. చదువు రానివాళ్లు కూడా వాడగలిగేంత సులువైనది.

నా అనుభవంలో ఒక వింత చెబుతాను. జబ్బు పశువు గురించి పెద్దవాళ్లను అడిగితే "ఏమో సార్, రెండు మూడు రోజులుగా అదోలా ఉంది" అంటారు. రోజూ చూసింది నోటుపుస్తకంలో రాసుకునే అలవాటున్న పిల్లనడిగితే, "నిన్న సాయంత్రం దాణా సగం వదిలేసింది, పొద్దున 104.5 ఉంది, నెమరు లేదు" అంటుంది. వైద్యం సగం అక్కడే అయిపోతుంది. ఈ పిల్లే రేపు తన ఒంట్లో బాగోనప్పుడు డాక్టరుకు సరిగ్గా చెప్పుకోగలదు, ఇంట్లో అమ్మమ్మ మామూలుకన్నా తక్కువ తింటోందని అందరికన్నా ముందు కనిపెట్టగలదు.

రెండో పాఠం కాస్త చేదైనది. ప్రేమ ఒక్కటే చాలదు. ఒక పిల్లవాడు తన మేకంటే ప్రాణం పెట్టేవాడు. దాని పుట్టినరోజని చెప్పి ఒక పెద్ద గిన్నె నిండా ధాన్యం పెట్టాడు. మేక ఆబగా తినేసింది. మర్నాటికి పొట్ట బిగిసి, తూలుతూ పడిపోయింది. మేక పొట్టలో గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. వాటికి అలవాటు లేని గింజలు ఒక్కసారిగా పడితే అక్కడ ఆమ్లం పెరిగిపోతుంది, అది రక్తంలోకి కూడా పాకుతుంది. మేత మార్చాలంటే వారం పది రోజులు పట్టి కొంచెం కొంచెంగా మార్చాలని అందుకే అంటాం. ఆ మేకను బతికించలేకపోయాను. ఆ పిల్లవాడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు వచ్చి, "పొట్ట లోపల ఎలా ఉంటుందో చూపిస్తారా" అని అడిగాడు. కాగితం మీద నాలుగు అరలూ గీసి చూపించాను. ఇష్టపడ్డదాన్ని ఇంకా బాగా తెలుసుకోవాలన్న బుద్ధి అప్పుడు పుట్టింది వాడికి. అయితే దానికోసం మేక చావాల్సిన పని లేదు. తప్పు నాదే. మేకను ఇచ్చేరోజే గింజల గురించి గట్టిగా చెప్పి, దాణా డబ్బాకు తాళం వేయించి ఉండాల్సింది.

లెక్కల సంగతి చెబితే మీ మామగారు కాస్త మెత్తబడతారేమో. నట్టల మందు పశువు బరువును బట్టి ఇవ్వాలి. తక్కువ ఇస్తే బలహీనమైన నట్టలు చచ్చి గట్టివి మిగులుతాయి, కొన్నాళ్లకు ఆ మందే పనిచేయదు. మరి కాటా లేని ఇంట్లో బరువు ఎలా తెలుస్తుంది? టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 10840తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 55 అయితే బరువు 18 కిలోలకు కాస్త పైన. "వర్గం ఎందుకు నేర్చుకోవాలి?" అని విసుక్కునే పిల్లలు ఈ లెక్కను పొరపాటు లేకుండా మూడుసార్లు సరిచూసుకుంటారు, మందు ఎక్కువైతే ఏమవుతుందో తెలుసు కాబట్టి. మందు ఏది, కిలోకు ఎంత అన్నది మాత్రం మీ పశువైద్యుడు చెప్పాలి. గొర్రెకు రాసిన మోతాదు మేకకు సరిపోకపోవచ్చు.

ఒక నోటుపుస్తకం తప్పనిసరిగా పెట్టించండి. మేతకు ఎంత ఖర్చైంది, నెలనెలా బరువు ఎంత పెరిగింది, ఏ మందు ఏ రోజు వేశారు, ఇవి రాస్తే చాలు. అందమైన చేతిరాత, రంగు పెన్నులు అక్కర్లేదు. మేత డబ్బులు మీరే ఇచ్చినా అప్పుగా రాయించండి. అమ్మితే వచ్చిన దాంట్లోంచి అప్పు తీరాక మిగిలిందే తన సంపాదన. చాలామంది పిల్లలకు మొదటి ఏడాది ఏమీ మిగలదు. అది తెలియడం కూడా మంచిదే.

ఈ ఆలోచన నా సొంతం కాదు. అమెరికాలో 1902లో ఎ.బి. గ్రాహం అనే ఒక పాఠశాలల పర్యవేక్షకుడు ఒహాయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీలో పల్లె పిల్లలతో ఒక క్లబ్బు మొదలుపెట్టాడు. ఆ కాలంలో ఇలాంటి క్లబ్బులు చాలాచోట్ల పుట్టుకొచ్చి, క్రమంగా ఫోర్-హెచ్ అనే పేరుతో ఒక్కటయ్యాయి. తల, గుండె, చేతులు, ఆరోగ్యం అనే నాలుగింటికీ ఆంగ్లంలో హెచ్ మొదటి అక్షరం కావడంతో ఆ పేరు. ఈ క్లబ్బులు పుట్టడం వెనక ఒక తమాషా కారణం కూడా ఉంది. విశ్వవిద్యాలయాలవాళ్లు కొత్త పద్ధతులు చెబితే పెద్ద రైతులు వినేవాళ్లు కాదు. పిల్లలైతే భయం లేకుండా చేసి చూసేవాళ్లు, ఫలితం బాగుంటే అమ్మానాన్నలకు వాళ్లే నేర్పేవాళ్లు. 1914లో వచ్చిన స్మిత్-లీవర్ చట్టంతో వ్యవసాయ విస్తరణకు ప్రభుత్వ డబ్బు అందింది, ఈ క్లబ్బులకూ ఊతం దొరికింది. 1928లో హైస్కూలు పిల్లల కోసం ఎఫ్‌ఎఫ్‌ఏ అనే మరో సంఘం కాన్సాస్ సిటీలో పుట్టింది. ఈ రెండింట్లోనూ పిల్లవాడు పెంచిన పశువుతో పాటు వాడు రాసిన లెక్కల పుస్తకానికీ విలువ ఉంటుంది. ఆ భాగం నాకు భలే నచ్చుతుంది.

నచ్చనిదీ ఒకటుంది, పోటీలు. తన దూడను బరిలోకి నడిపించి, అడిగినదానికి తడబడకుండా జవాబు చెప్పడం పిల్లలకు మంచి అభ్యాసమే. కానీ బహుమతి మీద పెద్దవాళ్ల కన్ను పడితే పని చెడుతుంది. కండ పెరగడానికి క్లెన్‌బ్యుటరాల్ లాంటి మందులు ఎక్కించి పట్టుబడిన పోటీ పశువులున్నాయి. ఆ మందు కొనితెచ్చింది పిల్లలే అంటే నేను నమ్మను.

నిజాయితీ మాట వచ్చింది కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను. పాడిపశువుకు పొదుగువాపు వచ్చి యాంటీబయాటిక్ వేస్తే ఆ మందు పాలల్లోకి వస్తుంది. ఎన్ని రోజులు ఆ పాలు వాడకూడదో మందు మీదే రాసి ఉంటుంది. ఆ రోజుల్లో పితికిన పాలు పారబోయాలి. రంగు మారదు, వాసన రాదు, కలిపేస్తే తాగేవాళ్లకు తెలియదు. ఎవరూ చూడరు. ఒక అమ్మాయి మూడు రోజులపాటు రెండు పూటలా బకెట్టు తీసుకెళ్లి గుంటలో పోస్తుంటే చూశాను. మూడో రోజు వాళ్ల నాన్న "ఇంక ఫర్వాలేదులేవే" అన్నాడు. "ఇంకా ఒక పూట ఉంది" అంది. నీతి కథలు వంద చెప్పినా రానిది ఆ పిల్లకు ఆ బకెట్టు దగ్గర వచ్చింది.

కోపం, భయం విషయంలో కూడా పశువు మంచి గురువు, ఎందుకంటే దానికి మొహమాటం లేదు. అరిస్తే పారిపోతుంది, లాగితే మొరాయిస్తుంది. ఆవు, మేక వంటివాటికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ 300 డిగ్రీలకు పైగా కనిపిస్తుంది, సరిగ్గా వెనక మాత్రం కనిపించదు. అటునుంచి వస్తే బెదురుతుంది, తంతుంది. పశువు భుజం దగ్గర ఒక గీత ఉందనుకోండి. ఆ గీతకు వెనకవైపు నిలబడి ఒక అడుగు దగ్గరికేస్తే పశువు ముందుకు కదులుతుంది, గీతకు ముందువైపు వస్తే వెనక్కి తగ్గుతుంది. కర్రతో పని లేదు. ఈ సంగతులను ప్రపంచానికి విడమరిచి చెప్పినవాళ్లలో టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ముఖ్యురాలు. ఆవిడకు ఆటిజం. పశువులు ఏ నీడకు, ఏ వేలాడే గొలుసుకు బెదురుతున్నాయో వాటి ఎత్తులో నుంచి చూసి పట్టుకుని, పశువుల కొట్టాల కట్టడాన్నే మార్చేశారు. నలుగురిలో మాట పెగలని పిల్లలు పశువుల దగ్గర నిబ్బరంగా నిలబడటం నేనూ చూశాను. అలాగని పశువులు వైద్యమని చెప్పను. అందరికీ అలా జరగదు.

ఇక మీరు అడగని ప్రశ్న, కానీ అడగాల్సినది. చివరికి ఆ మేకల్ని ఏం చేస్తారు? తెచ్చే ముందే తేల్చుకోండి, మీ అమ్మాయికి చెప్పండి. పాలకా, పిల్లలకా, అమ్మకానికా, కోతకా? అమ్మేది ఖాయమైతే "చూద్దాంలే" అని నాన్చవద్దు. బడి నుంచి వచ్చేసరికి పాక ఖాళీగా ఉండటం కన్నా ఘోరం పిల్లలకు మరొకటి లేదు. అది నేర్పేది ఒక్కటే, పెద్దవాళ్ల మాట నమ్మకూడదని. ముందే తెలిసి, రోజు తెలిసి, తన చేత్తోనే తాడు అందించిన పిల్ల కూడా ఏడుస్తుంది. ఏడవనివ్వండి. ఇంకో దారి కూడా ఉంది. 1944లో డాన్ వెస్ట్ అనే ఆయన మొదలుపెట్టిన పని ఇవాళ పేద కుటుంబాలకు పశువుల్ని ఇచ్చే హెఫర్ ఇంటర్నేషనల్ అనే సంస్థగా నడుస్తోంది. స్పెయిన్ అంతర్యుద్ధ సమయంలో ఆయన పిల్లలకు పాలు పంచుతూ, కప్పు పాలకన్నా ఆవునే ఇస్తే నయం కదా అనుకున్నాడట. పశువును పొందిన కుటుంబం దానికి పుట్టే మొదటి ఆడ దూడనో మేకపిల్లనో మరో కుటుంబానికి ఇవ్వాలన్నది వాళ్ల నియమం. రేపు మీ ఇంట్లో ఆడమేక ఈనితే, మొదటి ఆడ మేకపిల్లను మీ అమ్మాయే తను ఎంచుకున్న మరో అమ్మాయికి ఇచ్చి పెంపకం నేర్పేలా చూడండి. నేర్పేటప్పుడు తనకెంత వచ్చో తేలిపోతుంది.

ఈనే రోజుకు ఇప్పటినుంచే ఒక్క మాట గుర్తుంచుకోండి. మేకపిల్లకు తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాల ద్వారానే రావాలి. పుట్టిన గంట రెండు గంటల్లో తాగించడం మొదలుపెట్టి, మొదటి రోజులో దాని బరువులో పదో వంతు పట్టించాలి. మూడు కిలోల పిల్లకు 300 మిల్లీలీటర్లు, నాలుగైదు సార్లుగా. రోజు దాటితే ఎంత తాగినా ఆ రక్షణ పేగుల నుంచి ఒంటికి పట్టదు. అర్ధరాత్రి ఈనితే అర్ధరాత్రే లేవాలి.

మీ మామగారి భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. పిల్లల్ని పశువుల వెంట పంపి చదువు మాన్పించిన చరిత్ర మనకు తెలియనిది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2020 అంచనాల్లో బాలకార్మికుల్లో 70 శాతం వ్యవసాయ రంగంలోనే ఉన్నారు, పశువుల కాపలా కూడా అందులోదే. అదే సంస్థ 1973 నాటి 138వ ఒప్పందంలో, 13 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఆరోగ్యానికీ చదువుకూ అడ్డురాని తేలికపాటి పని చేయవచ్చని ఉంది. నా గీత ఇంకా సులువైనది. రెండు మేకలకు పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం అరగంట, ఆదివారం పాక కడగడానికి ఒక గంట. అంతకు మించితే అది పిల్ల నేర్చుకునే పని కాదు, ఇంటి పని పిల్ల మీద పడటం. బడి మాన్పించే రోజు ఒక్కటి వచ్చినా మేకల్ని వెనక్కి ఇచ్చేయండి.

జాగ్రత్తలు క్లుప్తంగా. పశువును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, పాకలో ఏమీ తినకూడదు. మేకల మూతి మీద పొక్కులు, చర్మం మీద తామర కనిపిస్తే గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, రెండూ మనుషులకు అంటుకుంటాయి. గర్భం పోయిన మేక మాయను, చచ్చిపుట్టిన పిల్లను పిల్లలు గానీ గర్భిణులు గానీ తాకకూడదు, బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు పశువుల నుంచి మనుషులకు సోకే దారుల్లో అదొకటి. పాలు మరిగించే తాగాలి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే కోడిపిల్లలు, బాతుపిల్లల్ని వాళ్ల చేతికివ్వకండి, సాల్మొనెల్లా అనే క్రిమి వల్ల విరేచనాల జబ్బు రావచ్చు. ఎదిగిన పోతు దగ్గరికి, కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి పిల్లను ఒంటరిగా పంపవద్దు. టీకాలు ఏవి, ఎప్పుడన్నది మీ దగ్గరి పశువైద్యుణ్ని తెచ్చిన వారంలోనే కలిసి రాయించుకోండి.

వద్దని నేనే చెప్పిన ఇళ్లూ ఉన్నాయి. పిల్లకు ఇష్టం లేకుండా తండ్రి ముచ్చట కోసం తెస్తున్నచోట వద్దన్నాను. ఫోన్ మాన్పించడానికి మందులాగా మేకను వాడబోయినచోట వద్దన్నాను. ఇంట్లో పెద్దవాళ్లెవరికీ రోజుకు రెండుసార్లు పాకలోకి తొంగిచూసే తీరిక లేనిచోట మరీ గట్టిగా వద్దన్నాను. మీ ఇంట్లో ఆ తొంగిచూసేది ఎవరో మీరూ మీవారూ ముందే అనుకోండి. "బాధ్యత తెలుస్తుంది" అన్నది ఆయనే కాబట్టి ఆ పని ఆయనకే ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.

వెంటనే కొనకండి. తెలిసినవాళ్లెవరి దగ్గరైనా మేకలుంటే, మీ అమ్మాయిని రెండు వారాలపాటు పొద్దున్నే అక్కడికి పంపండి. ముద్దు చేయడానికి కాదు, పాక ఊడ్చి, తొట్టి కడిగి, మేత వేయడానికి. అందులో ఒక వాన రోజు, ఒక ఆదివారం ఉండేలా చూసుకోండి. రెండు వారాలయ్యాక కూడా "ఎప్పుడు తెద్దాం అమ్మా" అని తనే అడిగితే అప్పుడు బయల్దేరండి. ఎంచుకునేటప్పుడు టేపు, నోటుపుస్తకం తన చేతిలోనే ఉండాలి. తల్లిపాలు మానేసి బాగా మేస్తున్న పిల్లలనే చూడండి. కళ్లు తేటగా ఉన్నాయా, తోక కింద పేడ అంటుకుని ఉందా, నడకలో కుంటు ఉందా, కింది రెప్ప లోపల ఎర్రగా ఉందా అని తననే చూడనివ్వండి. అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చి చేతులు నాకే మేకపిల్ల మీద మనసు పడుతుంది, అందరికీ అంతే. దాన్ని కూడా మిగతావాటిలాగే రెప్ప తీసి చూడమనండి.